చెలో, ఫ్లూట్ శాంపిళ్లతో ఎస్‌ఎఫ్‌జెడ్ వాయిద్యాలు: ప్రాజెక్టు డైరీ

పెట్టుకున్న పని ఇది. ఉచితంగా దొరికే ఆర్కెస్ట్రా రికార్డింగులు (శాంపిళ్లు) తీసుకుని, మిడి కీబోర్డు (కంప్యూటర్‌కి తగిలించి వాయించేది) మీద వాయించగలిగే సోలో చెలో ఒకటి, ఫ్లూట్ ఒకటి తయారుచేయడం. ఫార్మాట్ ఎస్‌ఎఫ్‌జెడ్. అది వట్టి టెక్స్ట్ ఫైలు, ఏ నోట్‌కి ఏ ఆడియో ఫైలు మోగాలో అందులో రాసి ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు. వాడిన సరంజామా: రికార్డింగుల్ని ముక్కలుగా కోయడానికి సోక్స్, ఆడాసిటీ అనే ప్రోగ్రాములు. కొలతలకి పైథాన్. వినడానికి స్ఫోర్జాండో, ఎస్‌ఫిజ్ అనే రెండు ఉచిత ప్లేయర్లు.

మొదలుపెట్టేముందే ఒక నియమం పెట్టుకున్నాం: అసలు ఆడియోని వీలైనంత వరకు ముట్టుకోకూడదు. శ్రుతి సరిచేయాలన్నా, శబ్దం పెంచాలన్నా, మొదలు ముందుకి జరపాలన్నా, ఆ సవరణ ఎస్‌ఎఫ్‌జెడ్ ఫైల్లో ఒక అంకెగానే ఉండాలి. వందకు పైగా ముక్కలున్న చోట ఒక్క తప్పు సవరణ వేవ్ ఫైల్లోకి (అసలు ఆడియోలోకి) దిగిపోతే, అది ఎక్కడ జరిగిందో వెతుక్కోవడానికే రోజంతా పోతుంది. అంకె అయితే చెరిపేసి మళ్లీ రాసుకోవచ్చు.

0.1: మూలం, లైసెన్సు

ఎంచుకున్నవి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం ఎలక్ట్రానిక్ మ్యూజిక్ స్టూడియోల రికార్డింగులు. లారెన్స్ ఫ్రిట్స్ నడిపించిన పని ఇది. 1997 నుంచి అందరికీ అందుబాటులో ఉంది, ఏ ప్రాజెక్టుకైనా ఆంక్షలు లేకుండా వాడుకోవచ్చని వాళ్లే రాసి పెట్టారు. ప్రతిధ్వని లేని గదిలో, పీపీ (బాగా మెల్లగా), ఎంఎఫ్ (ఓ మోస్తరు గట్టిగా), ఎఫ్‌ఎఫ్ (బాగా గట్టిగా) అనే మూడు మోతాదుల్లో, వరసగా ఒక్కో అరస్వరం ఎక్కుతూ వాయించారు. పాత విడత ఫైళ్లలో ఒక స్థాయి (ఆక్టేవ్, పన్నెండు అరస్వరాలు) మొత్తం ఒకే ఫైల్లో ఉంటుంది. స్వరానికి రెండు సెకన్ల చొప్పున, మధ్యలో నిశ్శబ్దం. వాద్యం, వాయించే పద్ధతి, మోతాదు, తీగ, మొదటి స్వరం, చివరి స్వరం అన్నీ ఫైలు పేరులోనే చుక్కలతో విడదీసి ఉంటాయి. తర్వాత కోతలో తేడా పట్టుకోవడానికి ఈ పేరే ఆధారం.

లైసెన్సు విషయం ఒక్క పేరాలో తేల్చేయొచ్చు కానీ తేల్చకుండా వదలకూడదు. లండన్ ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రా ఇచ్చిన శాంపిళ్లు కూడా ఉచితమే, వాటితో చేసిన పాటను అమ్ముకోవచ్చు కూడా. కానీ శాంపిళ్లుగా గానీ, శాంప్లర్ వాయిద్యంగా గానీ తిరిగి పంచకూడదని స్పష్టంగా ఉంది. అంటే ఇక్కడ చేస్తున్న పనే వాటితో చేసి ఇంట్లో వాడుకోవచ్చు, బయట పెట్టకూడదు. వీఎస్‌సీఓ 2 కమ్యూనిటీ ఎడిషన్ అనే శాంపిళ్లది సీసీ-జీరో (హక్కులన్నీ వదులుకున్న) లైసెన్సు, ఏం చేసుకున్నా అడిగేవాళ్లు లేరు. "ఫ్రీ" అన్న మాట చూసి దించేసుకుని, వాయిద్యం పూర్తయ్యాక లైసెన్సు చదివితే చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరే.

0.2: కోత

సోక్స్‌లో నిశ్శబ్దం చూసి ఫైలును ముక్కలు చేసే సదుపాయం ఉంది. నేరుగా అది నడిపితే ఎఫ్‌ఎఫ్ ఫైళ్లు బాగానే వచ్చాయి, పీపీ ఫైళ్లు పాడయ్యాయి. కారణం సులువే. పీపీలో కమాను తీగను పట్టుకునే మొదటి క్షణం చాలా సన్నగా ఉంటుంది. ఇంతకన్నా తక్కువైతే నిశ్శబ్దమే అన్న గీత −50 డెసిబెల్ దగ్గర పెడితే ఆ మొదలు నిశ్శబ్దం కిందే జమ అయి తెగిపోతుంది. మొదలు తెగిన చెలో అకార్డియన్‌లా వినిపిస్తుంది.

మార్చిన పద్ధతి: నిశ్శబ్దాన్ని చూసి కోయడం మానేసి, ముందు కాలాలు మాత్రమే రాబట్టుకున్నాం. ఆడాసిటీలో శబ్దమున్న చోట్ల లేబుళ్లు పెట్టే సాధనం ఉంది. ఎఫ్‌ఎఫ్‌కి −50, పీపీకి −62 డెసిబెల్ గీత పెట్టి, ప్రతి లేబుల్‌కి ముందు 100 మిల్లీసెకన్లు, వెనక 300 మిల్లీసెకన్లు జాగా వదిలి ఎగుమతి చేయాలి. గది ప్రతిధ్వని లేనిది కాబట్టి స్వరాల మధ్య నిశ్శబ్దం నిజంగా నిశ్శబ్దమే. హాల్లో రికార్డు చేసినవైతే ఒక స్వరం తోక ఇంకో స్వరం తలమీద పడుతుంది, అక్కడ ఈ పద్ధతి పనిచేయదు.

ముక్కల లెక్క ఫైలు పేరుతో సరిపోల్చాలి. సీ4 నుంచి బీ4 వరకు అంటే 12 ముక్కలు. 13 వస్తే కమాను చెక్కకి తగిలిన చప్పుడో, ఫ్లూట్ అయితే ఊపిరి పీల్చిన చప్పుడో స్వరంగా లెక్కలోకి వచ్చింది. 11 వస్తే రెండు స్వరాలు అతుక్కున్నాయి. ఈ తనిఖీ లేకుండా పేర్లు పెట్టేస్తే ఒక్క అదనపు ముక్కతో దాని తర్వాతవన్నీ అరస్వరం చొప్పున పక్కకి జరుగుతాయి.

పేర్లలో స్వరం బదులు మిడి సంఖ్యని (ఒక్కో కీకి ఉండే నంబరు) మూడంకెల్లో పెట్టాం: 036, 037. షార్ప్ గుర్తు పేరులో అసలు రానివ్వకూడదు. ఎస్‌ఎఫ్‌జెడ్‌లో ఆ గుర్తుకి వేరే అర్థం ఉంది, కొన్ని ప్లేయర్లు అక్కడే చదవడం ఆపేస్తాయి. ఖాళీలు వద్దు, పెద్దక్షరాలు వద్దు. విండోస్‌లో పనిచేసిన మ్యాపు (ఏ కీకి ఏ ముక్క అని రాసిన ఎస్‌ఎఫ్‌జెడ్ ఫైలు) లైనక్స్‌లో మూగబోయిందంటే పది సార్లలో తొమ్మిది సార్లు పెద్దక్షరం, చిన్నక్షరం తేడానే.

స్టీరియో ఫైలు ఎదురైతే ఒక్క చానెల్ తీసుకోవాలి. రెండూ కలిపి మోనో చేయకూడదు. రెండు మైకులకి శబ్దం వేర్వేరు క్షణాల్లో చేరుతుంది కాబట్టి కలిపినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి తినేసి గొంతు బోలుగా వస్తుంది.

0.3: మొదటి మ్యాపు

చెలో తీగలు సీ2, జీ2, డీ3, ఏ3. మిడిలో 36, 43, 50, 57. మొదట అందరూ చేసేదే చేశాం: ఒక్కో తీగని దాని ఖాళీ స్వరం నుంచి తర్వాతి తీగ ఖాళీ స్వరం ముందు దాకా వాడటం. వాయించి చూస్తే స్కేలులో 43, 50, 57 దగ్గర ఒక్కో మెట్టు ఊడినట్టుంది. ఖాళీ తీగ గొంతు వేరు, వేలు నొక్కిన తీగ గొంతు వేరు. పైగా ఖాళీ తీగ మీద కంపం (వైబ్రాటో, స్వరాన్ని కొద్దిగా ఊపడం) వేయడానికి వేలే లేదు. చెలో వాయించేవాళ్లు కూడా సాగే స్వరాల్లో ఖాళీ తీగను తప్పించి, కింది తీగ మీద వేలు పెట్టి అదే స్వరం పలికిస్తారు. మ్యాపూ అలాగే మార్చాం: సీ తీగ 36 నుంచి 43, జీ తీగ 44 నుంచి 50, డీ తీగ 51 నుంచి 57, ఏ తీగ 58 నుంచి 74. మొత్తం 39 స్వరాలు, మూడు మోతాదులకి 117 ముక్కలు. 36 ఒక్కటే ఖాళీ తీగగా మిగిలింది, దాని కింద ఇంకో తీగ లేదు కాబట్టి. 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ మోనోలో మొత్తం 20 ఎంబీ పైచిలుకు. ఈ రోజుల్లో ఇదొక బరువే కాదు.

ఒక ముక్క మ్యాపులో ఇలా ఉంటుంది. అసలు ఫైల్లో ఇవన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ఉండాలి, ఇక్కడ పలికే తీరులో రాశాం:

రీజియన్
శాంపిల్=చెలో_డి_ఎంఎఫ్_052.వేవ్
లోకీ=52 హైకీ=52 పిచ్_కీసెంటర్=52
లోవెల్=51 హైవెల్=95
ఆఫ్‌సెట్=3087 ట్యూన్=-5 వాల్యూమ్=1.2

లోకీ, హైకీ ఏ కీలకి మోగాలో, లోవెల్, హైవెల్ కీ ఎంత బలంగా (వెలాసిటీ) నొక్కితే మోగాలో చెబుతాయి. చివరి వరసలోని మూడు అంకెలే ఈ డైరీలో మిగతా కథంతా.

ఒక ఉచ్చు ఉంది. అయోవా వాళ్ల లెక్కలో మధ్య సీ అంటే సీ4, అంటే మిడి 60, అంటే 261.63 హెర్ట్జ్. కొన్ని కంపెనీల కీబోర్డుల్లో, సాఫ్ట్‌వేర్లలో అదే కీకి సీ3 అని పేరు. పేరు చూసి మ్యాపు చేస్తే వాయిద్యం మొత్తం ఒక స్థాయి పైనో కిందో కూర్చుంటుంది. ఏ3 నొక్కి ట్యూనర్‌లో 220 వస్తోందో లేదో చూసుకుంటే అనుమానం తీరుతుంది.

0.4: స్వరం ఎక్కడ మొదలైనట్టు?

కోతలో వదిలిన 100 మిల్లీసెకన్ల జాగా అలాగే ఉంటే కీ నొక్కాక శబ్దం ఆలస్యంగా వస్తుంది. ఆఫ్‌సెట్‌తో ముందుకి జరపాలి. అది శాంపిళ్ల లెక్కలో ఉంటుంది, మిల్లీసెకనుకి 44.1. ఇక్కడ శాంపిల్ అంటే రికార్డింగు ముక్క కాదు, డిజిటల్ శబ్దంలో ఒక్క కొలత.

ముందు, శబ్దం ఒక స్థిరమైన గీత దాటిన చోటును మొదలుగా తీసుకున్నాం. ఎఫ్‌ఎఫ్ చురుగ్గా, పీపీ మందకొడిగా వచ్చింది. ఒకే వరసలో గట్టిగా, మెల్లగా నొక్కుతూ వాయిస్తే తాళం తప్పినట్టే ఉంది. పది మిల్లీసెకన్ల తేడా కూడా చేతికి తెలిసిపోతుంది. సరైన పద్ధతి ఆ ముక్క సొంత గరిష్ఠాన్ని బట్టి గీత పెట్టడం: గరిష్ఠానికి 20 డెసిబెల్ కింద ఎక్కడ దాటిందో చూసి, అక్కడి నుంచి 30 మిల్లీసెకన్లు, అంటే 1323 శాంపిళ్లు, వెనక్కి వచ్చి అక్కడ ఆఫ్‌సెట్ పెట్టాలి. ఆ 30 మిల్లీసెకన్లలోనే కమాను తీగను కొరికే చప్పుడు ఉంటుంది. దాన్ని మిగల్చాలి. ఆఫ్‌సెట్ తరంగం మధ్యలో పడి టిక్కుమనకుండా యాంప్ ఎన్వలప్ అటాక్ (శబ్దం సున్నా నుంచి ఎక్కే సమయం) 0.004 సెకన్లు ఇచ్చాం.

మొదటి సీ తీగ స్వరాలకి ఈ లెక్క కూడా చాలలేదు. మందం తీగ కదలడానికే సమయం పడుతుంది. 36 నుంచి 40 వరకు చెవితో చూసి అదనంగా 10 నుంచి 15 మిల్లీసెకన్లు కోశాం. అక్కడ మొదలు కొంచెం మొద్దుబారింది, అయినా తాళం నిలిచింది. వాయించే వాయిద్యానికి తాళమే ముఖ్యం.

0.5: శ్రుతి

ప్రతి ముక్కకీ పౌనఃపున్యం కొలవాలి. వాడింది యిన్ అనే పద్ధతి. 2002లో వచ్చిన ఈ అల్గారిథం ఆబియో లాంటి ఉచిత లైబ్రరీల్లో సిద్ధంగా ఉంది. కిటికీ పొడవు (ఒక్కో కొలతకి చూసే శాంపిళ్ల సంఖ్య) మాత్రం చూసుకోవాలి. సీ2 65.4 హెర్ట్జ్, ఒక్క ఆవృత్తికే 674 శాంపిళ్లు పడుతుంది. 2048 కిటికీలో మూడే ఆవృత్తులు ఇముడుతాయి, కొలత అప్పుడప్పుడూ ఒక స్థాయి తప్పుతుంది. 4096 పెడితే నిలబడింది. స్వరం మొదట్లో అర సెకను, చివర్లో పావు సెకను వదిలేసి మధ్య భాగం మధ్యస్థ విలువ తీసుకున్నాం. సగటు తీసుకుంటే తప్పిన ఒక్క కొలతే మొత్తాన్ని లాగేస్తుంది.

వచ్చిన తేడాని గుడ్డిగా సున్నాకి దించడం మాకు నచ్చలేదు. అన్ని స్వరాలూ సెంటు (అరస్వరంలో నూరో వంతు) తేడా లేకుండా ఉంటే చెలో హార్మోనియం అవుతుంది. 6 సెంట్ల లోపు తేడాని ముట్టుకోలేదు, అంతకు మించినదాన్ని 3కి దించాం.

కానీ ఒకే స్వరం మూడు మోతాదుల మధ్య తేడా మాత్రం ఉండకూడదు. లెక్క చూడండి: 220 హెర్ట్జ్ దగ్గర 8 సెంట్లంటే దాదాపు 1 హెర్ట్జ్. అంటే పీపీ, ఎంఎఫ్ పొరలు (ఒక్కో మోతాదు ఒక్కో పొర) రెండూ కలిసి మోగే క్షణంలో సెకనుకోసారి శబ్దం ఉబ్బి తగ్గుతుంది. వినేవాళ్లకి అది రెండు చెలోలు ఒకదానితో ఒకటి శ్రుతి కలవక కొట్టుకున్నట్టు ఉంటుంది. ఒక స్వరపు మూడు పొరలనీ ముందు ఒకదానితో ఒకటి 2 సెంట్ల లోపు కలిపి, తర్వాతే ఆ ముగ్గుర్నీ కలిపి జరపాలి.

0.6: శబ్దం మట్టం

అన్ని ముక్కల్నీ నార్మలైజ్ చేయమని (గరిష్ఠాన్ని ఒకే మట్టానికి లేపమని) చెప్పే పాఠాలు చాలా ఉన్నాయి. చేయొద్దు. పీపీ ముక్కని గరిష్ఠానికి లేపితే దానితోపాటు మైకు బుస కూడా లేస్తుంది. పైగా గరిష్ఠ విలువకీ చెవికి వినిపించే పెద్దతనానికీ సంబంధం తక్కువ. కమాను కొరికిన ఒక్క చప్పుడు గరిష్ఠాన్ని నిర్ణయించేస్తే, ఆ స్వరం మిగతా భాగం పక్కవాటికన్నా చిన్నగా మిగిలిపోతుంది.

నిలకడ భాగం ఆర్‌ఎంఎస్ (ఒక రకం సగటు మట్టం) కొలిచి, పక్కన అటు రెండు, ఇటు రెండు స్వరాలతో కలిపి ఐదింటి మధ్యస్థం తీసుకుని, దాన్నుంచి 1.5 డెసిబెల్ కన్నా ఎక్కువ తప్పినవాటికే వాల్యూమ్ అంకె ఇచ్చాం. అదీ తేడాలో సగమే. చెలో పెట్టె కొన్ని స్వరాలకి బాగా మోగుతుంది, కొన్నింటికి మూలుగుతుంది. ఆ ఎగుడుదిగుడు పూర్తిగా చదును చేస్తే పెట్టె మాయమై తీగ మాత్రమే మిగులుతుంది.

మోతాదుల మధ్య తేడాని మాత్రం రికార్డింగు నుంచి తీసుకోలేం. పీపీ తీసేటప్పుడు, ఎఫ్‌ఎఫ్ తీసేటప్పుడు గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే అమరిక) ఒకటేనని నమ్మే ఆధారం మన దగ్గర లేదు. చెవితో పెట్టిందే: పీపీ నుంచి ఎంఎఫ్‌కి 6, ఎంఎఫ్ నుంచి ఎఫ్‌ఎఫ్‌కి 5 డెసిబెల్.

ఇక్కడే ఇంకో పొరపాటు ఎదురొస్తుంది. ఎస్‌ఎఫ్‌జెడ్‌లో యాంప్ వెల్‌ట్రాక్ ఏమీ రాయకపోతే 100 అని అర్థం. అంటే కీ మెల్లగా నొక్కితే శబ్దం తనంతట తనే తగ్గుతుంది. అసలే మెల్లగా వాయించిన పీపీ పొర, వెలాసిటీ 20 దగ్గర ఇంకో 32 డెసిబెల్ తగ్గి వినిపించకుండా పోతుంది. 35కి దించాం. పొరల సరిహద్దులు 50, 95 దగ్గర ఉన్నాయి, అక్కడ గెంతు వినిపిస్తే అటూ ఇటూ ఉన్న పొరల వాల్యూమ్ సర్దాలి తప్ప వెల్‌ట్రాక్ కదపొద్దు.

0.7: వీల్‌తో మోతాదు మార్చడం, వెనక్కి తీసుకున్న ఆలోచన

స్వరం మోగుతుండగానే మెల్లగా మొదలై పెద్దదవ్వాలంటే కీబోర్డు మీదుండే మాడ్యులేషన్ వీల్‌తో పీపీ నుంచి ఎఫ్‌ఎఫ్‌కి క్రాస్‌ఫేడ్ చేయడం (ఒకటి తగ్గుతుండగా ఇంకొకటి ఎక్కించడం) మామూలు పద్ధతి. వీల్ 30 నుంచి 60 మధ్య పీపీ తగ్గి ఎంఎఫ్ ఎక్కడం, 80 నుంచి 110 మధ్య ఎఫ్‌ఎఫ్ ఎక్కడం. రాయడం తేలిక. శ్రుతి 2 సెంట్లకి కలిపాక కూడా మధ్యలో రెండు చెలోలే వినిపించాయి. రెండు రికార్డింగుల కంపం ఒకే అడుగు వేయదు. ఒకటి పైకి ఊగుతున్నప్పుడు ఇంకొకటి కిందికి ఊగుతుంది. పది మంది కూర్చుని వాయించే చెలో విభాగానికైతే అది తప్పే కాదు, ఇంకా నిండుగా ఉంటుంది. సోలోకి మాత్రం పనికిరాదు. చాలా ఉచిత సోలో వాయిద్యాలు నమ్మశక్యంగా లేకపోవడానికి పెద్ద కారణం ఈ క్రాస్‌ఫేడే అని మా అభిప్రాయం.

తీసేసి పెట్టింది: ఏ పొర మోగాలో కీ నొక్కిన బలమే నిర్ణయిస్తుంది, ఆ తర్వాత పొర మారదు. వీల్ ఒక లో-పాస్ ఫిల్టర్‌నీ (పై పౌనఃపున్యాల్ని తగ్గించేది), శబ్దాన్నీ కదుపుతుంది. ఆ తగ్గింపు మొదలయ్యే కటాఫ్ 1200 హెర్ట్జ్ దగ్గర, వీల్ మొత్తం తిప్పితే 3600 సెంట్లు పైకి, అంటే మూడు స్థాయిలు, 9600 హెర్ట్జ్. కమాను బరువు పెరిగితే పై హార్మోనిక్స్ పెరుగుతాయి, ఫిల్టర్ ఆ పనిని సుమారుగా చేసి చూపిస్తుంది. ఒక గొంతే, ఒక కంపమే.

ఫైలు మొదట్లో వీల్‌కి ఒక ఆరంభ విలువ తప్పక రాయాలి, మేం 90 ఇచ్చాం. రాయకపోతే ప్లేయర్ సున్నా అనుకుంటుంది, వాయిద్యం తెరిచినవాళ్లకి దుప్పటి కప్పిన చెలో వినిపించి "ఇది పాడైంది" అని మూసేస్తారు.

0.8: ఫ్లూట్ లూపులు

అన్నిటికన్నా ఎక్కువ సమయం తిన్న భాగం ఇదే. స్వరం రెండు సెకన్లే ఉంది, పాటలో నాలుగు సెకన్లు కావాలి. అయోవా ఫ్లూట్‌లో కంపంతో ఉన్నవి, కంపం లేనివి వేరువేరుగా ఉన్నాయి కాబట్టి లూపు (స్వరంలో ఒక భాగాన్నే తిప్పి తిప్పి మోగించడం) సంగతులు తేల్చుకోవడానికి ఇదే మంచి సరుకు.

కంపం లేని స్వరంతో మొదలుపెట్టాం. లూపు పొడవు స్వరం ఆవృత్తికి పూర్ణ గుణిజంగా ఉండాలి. 440 హెర్ట్జ్‌కి ఒక ఆవృత్తి 100.227 శాంపిళ్లు. రెండు ఆవృత్తులని 200 శాంపిళ్ల లూపుగా పెడితే నిజానికి 200.45 కావాలి కాబట్టి లూపులోకి వెళ్లగానే శ్రుతి దాదాపు 4 సెంట్లు పెరుగుతుంది. పైగా ఊదుడు గాలి శబ్దం తొలగిపోయి బీప్ మిగులుతుంది. లూపు పొడవు పెరిగేకొద్దీ శ్రుతి తప్పు పోతుంది కానీ గాలి శబ్దం ఉనికి బయటపడుతుంది: అర సెకను లూపులో అదే బుస మళ్లీ మళ్లీ వచ్చి రంపం కోస్తున్నట్టు ఉంటుంది. 0.8 సెకన్ల కన్నా తక్కువ పెట్టకూడదని తేలింది.

కంపం ఉన్న స్వరంలో ఇంకో షరతు కలుస్తుంది. ఫ్లూట్ కంపం ముఖ్యంగా ఊపిరి ఒత్తిడి ఊగడం, శ్రుతి కన్నా శబ్దమే ఎక్కువ ఊగుతుంది. అది సెకనుకి 5 సార్లు అయితే ఒక్కో ఊపు 8820 శాంపిళ్లు. లూపులో ఊపులు కూడా పూర్ణ సంఖ్యలోనే ఉండాలి. లేకపోతే లూపు తిరిగిన ప్రతిసారీ ఊపు మధ్యలో తెగి, కుంటుతున్న మనిషి నడకలా వినిపిస్తుంది. రెండు షరతులూ కలిపి పాటించే క్రమం ఇది: 0.5 నుంచి 1.7 సెకన్ల మధ్య భాగంలో శబ్దం ఎన్వలప్ (హెచ్చుతగ్గుల గీత) గీసి ఊపు పొడవు కొలవాలి. ఊపు ఎక్కుతున్న సగం దగ్గర లూపు మొదలు పెట్టాలి. శిఖరం మీద పెడితే చిన్న తేడా కూడా తెలుస్తుంది. అక్కడి నుంచి 4 లేదా 5 ఊపుల తర్వాతి చోటుకి వెళ్లి, అటూ ఇటూ ఒక్క ఆవృత్తి దూరంలో, 1024 శాంపిళ్ల తరంగం మొదటిదానితో ఎక్కడ బాగా సరిపోలుతుందో వెతకాలి. పోలిక (అచ్చం ఒకటే అయితే 1) 0.95 దాటితే అది ఖాయం. దాటకపోతే మొదలు ఒక ఊపు జరిపి మళ్లీ. మొదటి ఊపుకీ చివరి ఊపుకీ శబ్దంలో 1 డెసిబెల్ కన్నా ఎక్కువ తేడా ఉంటే పోలిక ఎంత బాగున్నా వదిలేయాలి, లేకపోతే స్వరం పంపు కొట్టినట్టు ఉబ్బుతుంది.

అతుకు దగ్గర క్రాస్‌ఫేడ్ తప్పదు. ఆడియోని ముట్టుకోకూడదన్న నియమానికి మినహాయింపు ఇదే. లూపు క్రాస్‌ఫేడ్ ఆజ్ఞని అన్ని ప్లేయర్లూ పట్టించుకోవు, అందుకని వేవ్‌లోనే చేసేశాం. లూపు ముగింపుకి ముందున్న 40 మిల్లీసెకన్లని, లూపు మొదలుకి ముందున్న 40 మిల్లీసెకన్లతో క్రమంగా కలిపేయాలి. ముగింపు చేరేసరికి అక్కడ వినిపించేది మొదలుకి ముందున్న శబ్దమే కాబట్టి, మొదలుకి దూకడం సహజమైన కొనసాగింపు అవుతుంది.

ఆ కలపడంలో ఏ వంపు వాడాలో చాలామంది తారుమారు చేస్తారు. రెండు తరంగాలూ ఒకే అడుగులో ఉంటే తిన్నటి గీత వాడాలి. అక్కడ సమశక్తి వంపు (శక్తి మొత్తం మారకుండా కలిపేది) వాడితే మధ్యలో 3 డెసిబెల్ బుడిపె వస్తుంది. తరంగాలకి సంబంధం లేకపోతే సమశక్తి వంపు వాడాలి, అక్కడ తిన్నటి గీత వాడితే 3 డెసిబెల్ గుంట పడుతుంది. మనం 0.95 పోలిక చూసుకున్నాం కాబట్టి తిన్నటి గీతే. వంపు మార్చి లూపు వింటూ ఉబ్బుతోందా, మునుగుతోందా అని చూస్తే ఏది తప్పో చెవే చెబుతుంది.

ఎస్‌ఎఫ్‌జెడ్‌లో లూప్ ఎండ్ అన్న శాంపిల్ కూడా మోగుతుంది, అది లూపులో భాగమే. పైథాన్‌లో ముక్క చివర అంకె కలవదు. ఆ ఒక్క శాంపిల్ తేడా మర్చిపోతే పై స్వరాల్లో సన్నటి టిక్కు వస్తుంది, కింది స్వరాల్లో రాదు. అందుకే పరీక్ష ఎప్పుడూ పై స్థాయిలో చేయాలి.

స్వరం ముగింపు ఇంకో తలనొప్పి. లూప్ సస్టెయిన్ పద్ధతి వింటే బాగుంటుంది: కీ వదలగానే లూపు ఆగి అసలు రికార్డింగు తోక మోగాలి. కానీ కీ వదిలినప్పుడు ప్లేయర్ లూపు మధ్యలో ఉంటే, ఆ లూపు చివరిదాకా వెళ్లాకే తోక వస్తుంది. ఒక సెకను లూపులో అది ఒక సెకను దాకా ఆలస్యం. ఈలోగా పావు సెకను రిలీజ్ (కీ వదిలాక శబ్దం తగ్గిపోయే సమయం) అంతా మింగేస్తుంది. అందుకని లూప్ కంటిన్యూయస్ పెట్టి, తోకని వేరే రీజియన్‌గా రిలీజ్ ట్రిగ్గర్‌తో, 6 డెసిబెల్ తగ్గించి మోగించాం. ఫ్లూట్ స్వరం చివర పెదవి విడిచిన గాలి శబ్దం అలా మిగిలింది.

0.9: ఒకే స్వరం మళ్లీ మళ్లీ, లెగాటో, పిజికాటో

ఒకే స్వరాన్ని నాలుగుసార్లు గబగబా నొక్కితే ఒకే ముక్క నాలుగుసార్లు మోగి మెషిన్‌గన్ అవుతుంది. అయోవాలో స్వరానికి ఒక్క టేకే ఉంది. పొరుగు నుంచి అప్పు తెచ్చాం: 53 నొక్కితే ఒకసారి 53 ముక్క, రెండోసారి 52 ముక్క అరస్వరం పెంచి, మూడోసారి 54 ముక్క అరస్వరం తగ్గించి. ఎస్‌ఎఫ్‌జెడ్‌లో దీనికి సీక్ లెంగ్త్ 3. అప్పు తెచ్చిన ముక్కకి ట్యూన్, వాల్యూమ్, ఆఫ్‌సెట్ అంకెలు ఆ ముక్కవే ఉండాలి, కీవి కాదు. చెలోలో తీగ సరిహద్దు దాటి అప్పు తేకూడదు, 36 నుంచి అసలే తేకూడదు, ఇవ్వనూ కూడదు. ఖాళీ తీగ గొంతు ఒక్కసారి దూరితే మూడింట ఒకసారి స్వరం రంగు మారిపోతుంది.

లెగాటోకి (స్వరాల్ని తెగకుండా కలిపి వాయించడానికి) ట్రిగ్గర్, అంటే ముక్క మోగే షరతు, రెండు రకాలు: మరే కీ నొక్కి లేనప్పుడు మోగేది ఒకటి, కీ పట్టుకుని ఉండగా ఇంకోటి నొక్కితే మోగేది రెండోది. రెండోదానికి ఆఫ్‌సెట్ ఇంకో 100 మిల్లీసెకన్లు పెంచి, అటాక్ 0.06 ఇస్తే కమాను మొదలు లేకుండా స్వరం మాత్రమే మారినట్టు ఉంటుంది. ఇది నిజమైన లెగాటో కాదు. నిజమైనది కావాలంటే స్వరం నుంచి స్వరానికి మారే క్షణాన్ని రికార్డు చేసి ఉండాలి, ఇందులో అది లేదు.

పిజికాటోకి (తీగను వేలితో మీటడానికి) వన్-షాట్ పెట్టమని చాలాచోట్ల రాస్తారు. పెడితే కీ వదిలినా తీగ మోగుతూనే ఉంటుంది, వేగంగా వాయిస్తే అన్నీ కలిసి బురద. లూపు లేకుండా, రిలీజ్ 0.7 సెకన్లు ఇస్తే చాలు. ఆర్కో (కమానుతో వాయించడం), పిజికాటో మార్చే కీలు, కీస్విచ్‌లు, 24, 25 మీద ఉన్నాయి, చెలో అట్టడుగు స్వరం 36 కాబట్టి ఢీకొనవు.

పిచ్ బెండ్ గురించి ఒక మాట, ఎందుకంటే కర్ణాటక సంగీతం వాయించాలనుకునేవాళ్లు మొదట ముట్టుకునేది అదే. ఏమీ రాయకపోతే బెండ్ అటూ ఇటూ 200 సెంట్లు. దాన్ని 500కి పెంచి గమకం లాగితే స్వరంతోపాటు చెలో పెట్టె ప్రతిధ్వని కూడా సాగుతుంది, పెట్టె సైజు మారుతున్నట్టు ఉంటుంది. 200 దగ్గరే ఉంచాం. కంపం లేని ఫ్లూట్ మీద ఆ 200లో చిన్న కంపితం దాకా వస్తుంది. పెద్ద జారుకి ఈ శాంపిళ్లు సరిపోవు.

1.0: పొట్లం కట్టడం

ప్రతిధ్వని లేని గదిలో తీసిన శబ్దం హెడ్‌ఫోన్లో చెవి పక్కనే గీస్తున్నట్టు ఉంటుంది. రివర్బ్‌ని (గది ప్రతిధ్వనిని తెచ్చే ఎఫెక్ట్) శాంపిళ్లలో కలపలేదు. కలిపితే లూపు అతుకులు చెదురుతాయి, పొరుగు అప్పులో గది కూడా అరస్వరం జరుగుతుంది. విడిగా కన్వల్యూషన్ రివర్బ్, 20 మిల్లీసెకన్ల ప్రీ-డిలే (ప్రతిధ్వని మొదలయ్యే ముందు వ్యవధి) సరిపోయింది. ఈ వాయిద్యం గురించి తీర్పు రివర్బ్ పెట్టాకే చెప్పాలి.

ఫైళ్లు ఫ్లాక్‌లో (నాణ్యత పోకుండా కుదించే ఫార్మాట్) పెడితే సైజు బాగా తగ్గుతుంది. కానీ వేవ్ లోపల దాచిన లూపు గుర్తులు మార్పిడిలో జారిపోయే ప్రమాదం ఉంది కాబట్టి లూప్ మోడ్, స్టార్ట్, ఎండ్ మూడూ ఎస్‌ఎఫ్‌జెడ్‌లోనే రాశాం. ఎంపీ3 వద్దే వద్దు. ఎన్‌కోడర్ మొదట్లో కొంత ఖాళీ చేర్చుతుంది, ఆఫ్‌సెట్ అంకెలూ లూపు అంకెలూ అన్నీ తప్పుతాయి.

ఇంకా మిగిలినవి: చెలో 41, 42 పీపీ పొరలో బుస వినిపిస్తోంది, దానికి ఎంఎఫ్ ముక్కనే ఫిల్టర్ దించి వాడాలా అన్నది తేలలేదు. ఫ్లూట్ పై స్థాయి ఎఫ్‌ఎఫ్‌లో నాలుగు స్వరాలకి 0.95 దాటే లూపు దొరకలేదు. ప్రస్తుతానికి వాటిని లూపు లేకుండా వదిలాం. రెండు సెకన్లు దాటి పట్టుకుంటే అవి ఆగిపోతాయి, ఊదేవాళ్లకి ఊపిరి అయిపోయినట్టు.